తప్పంతా గాలిదే

దేశంలో సాకుల నాణ్యత ఘోరంగా పడిపోయింది. ట్రాఫిక్, నెట్‌వర్క్, ఒంట్లో నలత. ఆఫీసులో ఇవి చెబితే అటెండర్ కూడా తలెత్తి చూడడం లేదు. ఈ విషయంలో మనం శిష్యరికం చేయాల్సింది అమెరికాలో పాయింట్ టూ టూ (అంటే 0.22 అంగుళాల తూటా) రైఫిల్‌తో దూరపు గురి కొట్టేవాళ్ళ దగ్గర.

ఎన్‌సీసీ చేసినవాళ్ళకి ఈ పాయింట్ టూ టూ తెలిసే ఉంటుంది. బోర్లా పడుకుని, దగ్గర్లోని కాగితం మీద గ్రూపింగ్ కొట్టి, లేచి మోచేతుల మట్టి దులుపుకుని వచ్చేస్తాం. అందులో వాడే తూటా 1887 నాటి సరుకు. పిన్ను మధ్యలో కాదు, అంచు మీద కొడితే పేలుతుంది. ముందున్న సీసం ముక్క బరువు 2.6 గ్రాములు. కుందేళ్ళకీ ఖాళీ డబ్బాలకీ సరిగ్గా సరిపోతుంది. వెయ్యి గజాలు అవలీలగా కొట్టే రైఫిళ్ళు ఇంట్లో ఉండగా, అక్కడి పెద్దమనుషులు పనిగట్టుకుని దీంతోనే 300 గజాల అవతలి ఇనప రేకుని కొడతామని బయల్దేరుతున్నారు. (మనకి గజాలంటే ప్లాట్లే గుర్తొస్తాయి కాబట్టి చెబుతున్నాను, ఇవి చదరపు గజాలు కావు.)

ఆడలేక మద్దెల ఓడన్నాడని మన పెద్దలు ఎగతాళి చేశారు. వీళ్ళ ముందుచూపు చూడండి. ఏరి కోరి ఓటి మద్దెలే కొనుక్కుంటారు. ఇక ఎవడేమంటాడు?

50 గజాలకి గురి సరిచేసిన రైఫిల్‌తో 300 గజాలకి కొడితే తూటా 12, 13 అడుగులు కిందకి జారుతుంది. గంటకి పది మైళ్ళ పక్కగాలి వీస్తే రెండడుగుల పైనే పక్కకి పోతుంది. ఇంకా వేగంగా పోయే తూటా వాడొచ్చుగా అని అడిగితే మనల్ని జాలిగా చూస్తారు. ధ్వనిని మించిన వేగంతో బయల్దేరిన తూటా, దారిలో మళ్ళీ ఆ వేగం కిందకి దిగేటప్పుడు తడబడుతుంది. అందుకని మ్యాచ్ తూటాలు మొదటినుంచీ ధ్వని కంటే కాస్త నెమ్మదిగానే నడుస్తాయి.

అసలు అందం ట్రిగ్గర్ నొక్కిన తర్వాతే ఉంది. తూటా రేకుని చేరడానికి సుమారు ఒక సెకను. తగిలితే ఆ 'టింగ్' వెనక్కి రావడానికి ఇంకో ముప్పావు సెకను. ఈలోగా షూటర్ ముఖం చూడాలి. కన్ను స్కోప్‌కే అతుక్కుని ఉంటుంది. బుగ్గ కట్టె మీదే ఉంటుంది. పెదవి మాత్రం మెల్లగా ఒక పక్కకి లాగుతుంది. టింగ్ రాదు. వెంటనే లేచి నాలుగు గడ్డిపరకలు తెంపి గాల్లోకి వదిలి, అవి ఎటు వాలినా సరే, "చూశారా?" అంటాడు. చూశాం మహాప్రభో.

గాలి బొత్తిగా లేని రోజున కూడా భయం లేదు, తూటాల లాట్ బాగాలేదనవచ్చు. ఈ సాకుకి పెద్ద పెద్ద కంపెనీల మద్దతు ఉంది. ఇంగ్లండ్‌లో ఈలీ, జర్మనీలో లాపువా, షూటర్లు సొంత రైఫిల్ పట్టుకెళ్తే బిగించి, ఒక్కో లాట్ కాల్చి ఏది కుదురుతుందో చూపిస్తాయి. ఇంటికొచ్చాక ఆ తూటాలనే మళ్ళీ తూకం వేసి, అంచు మందం కొలిచి, వేరు వేరు డబ్బాల్లో సర్దుకునే నిష్ఠాపరులున్నారు. తూటా చవకని మొదలుపెట్టిన ఆట ఇది. ఖర్చు ఎక్కడికి పోయిందంటే, ఈ తూటాతోనే జరిగే ఎన్‌ఆర్‌ఎల్22 పోటీల్లో రైఫిలూ స్కోపూ కలిపి ఇంత ధర దాటకూడదని ఒక ప్రత్యేక విభాగమే పెట్టాల్సి వచ్చింది.

ఇంతటి సంప్రదాయానికి మచ్చ తెచ్చినవాళ్ళూ లేకపోలేదు. అమెరికన్ మాథ్యూ ఎమన్స్‌నే చూడండి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, ఇదే తూటాతో 50 మీటర్ల త్రీ పొజిషన్స్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి కొట్టేది) ఫైనల్. స్వర్ణం దాదాపు చేతికందిన చివరి షాట్‌లో పక్కవాడి టార్గెట్‌ని కొట్టాడు. సున్నా. ఎనిమిదో స్థానం. 2008 బీజింగ్‌లో మళ్ళీ చివరి షాట్, మళ్ళీ ఆధిక్యం. గురి కుదరకముందే వేలు ట్రిగ్గర్‌కి తగిలింది. 4.4 పాయింట్లు, నాలుగో స్థానం. ఇన్ని అవకాశాలు ఒళ్ళో పడ్డా గాలినో లాట్‌నో తిట్టుకోకుండా హుందాగా నిలబడ్డాడు. ఏథెన్స్‌లో ఓదార్చడానికి వచ్చిన చెక్ షూటర్ కాతెరీనా కూర్కోవాని తర్వాత పెళ్ళి చేసుకున్నాడు కూడా. కుర్రాళ్ళు ఇలాంటివి చూసి చెడిపోరా?

మన దగ్గర ఈ విద్య ఎదగకపోవడానికి కారణం 1959 నాటి ఆయుధాల చట్టం. పాయింట్ టూ టూ అయినా లైసెన్స్ కావాలి. దాంతో పిల్లలు ఎయిర్ రైఫిల్ పట్టుకుని, నాలుగు గోడల మధ్య 10 మీటర్ల దగ్గర చేరారు. అక్కడ గాలి ఉండదు, నింద వేయడానికి ఏమీ మిగలదు, కొట్టక తప్పని దిక్కుమాలిన పరిస్థితి. 2008లో అభినవ్ బింద్రాకి స్వర్ణం, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చాయంటే రావా మరి?

50 మీటర్ల రైఫిల్‌లోనైనా పరువు నిలుస్తుందనుకుంటే, 2024లో స్వప్నిల్ కుసాలే త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చేశాడు. అప్పటికి ఆయన ఉద్యోగం రైల్వేలో టీటీఈ. టికెట్ లేనివాళ్ళు చెప్పే సాకులన్నీ విన్నవాడు, ఇక తనకంటూ కొత్తది ఏం మిగిలి ఉంటుంది పాపం!