ఉగాది పచ్చడికి అర్హత పరీక్ష

ఎవరికి తోచిన మాటను వాళ్లు తెచ్చి విషయమని పేర్కొంటే లైబ్రరీ క్యాటలాగు ఏమైపోవాలి? ఆ భయంతోనే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1898 నుంచి తన సబ్జెక్ట్ హెడింగుల జాబితాను, అంటే పుస్తకం దేని గురించో చెప్పే మాటల జాబితాను, కంటికి రెప్పలా కాచుకుంటోంది. అందులో కొత్త మాట చేర్చమని బయటి లైబ్రరీలు అడగడానికి సాకో అనే సహకార కార్యక్రమం ఉంది. సహకారం అన్నారు గదా అని అందరూ ఎగబడకూడదు. ఉదాహరణకు ఉగాది పచ్చడిని ఆ జాబితాలో చేర్పించాలనుకోండి.

సభ్యత్వం సంస్థలకే గానీ మనుషులకు లేదు. ఉగాది పచ్చడి మీద మీరు జీవితమంతా పరిశోధించి ఉండొచ్చు, కానీ వెనక లైబ్రరీ లేకపోతే మీరు వట్టి పాఠకులే. ఉన్నా, ఏడాదికి పదీ పన్నెండు ప్రతిపాదనలు పంపుతామని ఆ లైబ్రరీ ఒప్పుకోవాలి. అన్ని పంపలేని చిన్నవాళ్లు ఫనెల్ అనే గుంపులో చేరి, సమన్వయకర్త ద్వారా పంపుకోవాలి. పెళ్లి సంబంధానికి మధ్యవర్తి ఉన్నట్టే. మర్యాదైన పద్ధతి.

మీ అర్హత తేలాక పచ్చడి వంతు. దాని మీద ఒక పుస్తకం వచ్చి, క్యాటలాగు చేసేవారి బల్ల మీద ఉండాలి. తెలుగువాళ్లు తరతరాలుగా తింటున్నారన్నది సాక్ష్యం కాదు, తిన్నట్టు అచ్చులో ఉండాలి. అదీ ఏ వంటల పుస్తకంలోనో ఒక పేజీ అంటే కుదరదు. ఒక విషయానికి హెడింగ్ ఇవ్వాలంటే పుస్తకంలో కనీసం 20 శాతం దాని గురించే ఉండాలని నియమం. 200 పేజీల పుస్తకమైతే 40 పేజీల పచ్చడి అన్నమాట. వేపపువ్వు మీదే పది పేజీలు రాయగల రచయితను ముందు వెతుక్కోండి.

పుస్తకం దొరికితే ఫారం. అందులో గడులకు, అంటే ఫీల్డులకు, నంబర్లుంటాయి. 150 ఫీల్డులో రోమన్ అక్షరాల్లో హెడింగ్: ఉగాదిలో గా మీద గీత, పచ్చడిలో డ కింద చుక్క, చకారానికి రెండు సీలు. చుక్క మరిచారో, వెనక్కి వచ్చినా రావచ్చు. జనం మామూలుగా రాసే స్పెల్లింగులన్నీ, చుక్కలూ గీతలూ లేనివి, కన్నడవాళ్ల బేవు బెల్లంతో సహా, 450లోకి పోతాయి. 550లో దీనికి పైమెట్టు విషయం చూపాలి. ఎక్కువ ప్రతిపాదనలు తడబడేది ఇక్కడే. పచ్చడి కిందా, పండుగ వంటల కిందా, ఉగాది కిందా? పైమెట్టు అసలు చూపకపోతే హెడింగ్ అనాథ. కిందిమెట్లను మాత్రం మీరు రాయక్కర్లేదు, అవి వాటంతటవే పుడతాయి. 670లో మొదట చేతిలోని పుస్తకం పేరు, ఏడాది, ఆ మాట ఎక్కడ ఎలా కనిపించిందో రాయాలి. ఆ తర్వాత నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు. వెతికినా దొరకలేదంటే ఆ సంగతి కూడా 670 సరసన రాసుకునే వీలుంది. ఇంత నిజాయితీ మన ప్రభుత్వ దరఖాస్తుల్లో ఉండదు.

అప్పటికి రికార్డు నంబరు ముందు ఎస్‌పీ అని ఉంటుంది, అంటే ఇంకా ప్రతిపాదనే. అది ఎస్‌హెచ్, అంటే ఆమోదించిన హెడింగ్, కావాలంటే ప్రతిపాదన తాత్కాలిక జాబితాలో వేలాడి, వ్యాఖ్యలు విని, సంపాదక సమావేశం దాటాలి. తిరస్కరిస్తే కారణం ప్రకటిస్తారు. ఎక్కువగా వచ్చే జవాబు: ఉన్న రెండు హెడింగులు కలిపి వాడుకోండి, కొత్తది అనవసరం. మన ఇళ్లలో కొత్త గిన్నె కొంటానంటే వచ్చే జవాబూ దాదాపు ఇదే.

ఇంత పకడ్బందీ ఏర్పాటులో చిన్న మినహాయింపులు లేకపోలేదు. ‘ఇల్లీగల్ ఏలియన్స్’ (అక్రమ విదేశీయులు) అన్న హెడింగ్ మార్చాలని డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులు 2014లో మొదలుపెట్టారు. లైబ్రేరియన్లు సాకో దారిలోనే, అన్ని ఫీల్డులూ నింపి, ప్రతిపాదన పెట్టారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు మొదట కాదన్నారు, 2016 మార్చిలో సరేనన్నారు. అంతలో అమెరికా ప్రతినిధుల సభ నిధుల బిల్లుతో అడ్డుపడింది. ఆ సభవారికి ఏ ఫనెల్లోనూ సభ్యత్వం లేదు, 670 నింపింది లేదు, అయినా వారి వ్యాఖ్యకు బరువెక్కువ. హెడింగ్ చివరికి మారింది 2021 నవంబరులో.

వేగంగా పని కావడమూ ఉంది. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో గల్ఫ్ ఆఫ్ మెక్సికో పేరు మారింది. భూగోళ నామాల్లో ప్రభుత్వ నామకరణ బోర్డునే అనుసరించాలన్నది లైబ్రరీ నియమం. అందుకని కొద్ది నెలల్లోనే హెడింగ్ కూడా మారిపోయింది. నియమం ప్రకారమే జరిగింది, తప్పు పట్టడానికి లేదు.

పచ్చళ్లకు అలాంటి బోర్డు ఏదీ లేదు. కాబట్టి ప్రతిపాదన పంపేవారు 670 జాగ్రత్తగా నింపండి, డ కింద చుక్క పెట్టారో లేదో ఇంకోసారి చూసుకోండి.