ఐదు నిమిషాల్లో డిస్లెక్సియా తేలిపోతుందట

మా నెల్లూరు బంధువుల గ్రూపు, పాత విద్యార్థుల గ్రూపు, చివరికి నీళ్ల ట్యాంకరు కోసం వీధివాళ్లం పెట్టుకున్న గ్రూపు కూడా ఆ సందేశంతో నిండిపోయాయి. ‘మీ బిడ్డకు డిస్లెక్సియా ఉందా? ఇంట్లోనే ఐదు నిమిషాల్లో తెలుసుకోండి’ అట. డిస్లెక్సియా అంటే తెలివి ఉన్నా చదవడం, తప్పుల్లేకుండా రాయడం పట్టుబడకపోవడం. పది ప్రశ్నలు, ఏడింటికి ‘అవును’ వస్తే ఖాయం. కింద చికిత్స: తప్పు రాసిన మాటను రోజూ వందసార్లు రాయించడం. ఆ కింద హెచ్చరిక: ఆసుపత్రికి తీసుకెళితే ముద్ర వేస్తారు, వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే ఉద్యోగం రాదు, పెళ్లి కాదు. చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని కదా, పంపిన ప్రతివారూ ‘నిజమేనా మేడమ్?’ అని అడుగుతున్నారు. విడివిడిగా జవాబిచ్చే ఓపిక ఇక లేదు.

చిల్లర ప్రశ్నలు ముందు తేల్చేస్తాను. ఎడమచేత్తో రాస్తాడా? రాయనివ్వండి. ఫోను ఎక్కువగా చూస్తాడా? నిద్ర చెడుతుంది, డిస్లెక్సియా పుట్టదు. బట్టలు చిందరవందరగా పడేస్తాడా? అదే లక్షణమైతే మా ఇంట్లో ముందు మావారిని చూపించాలి.

ఇంగ్లీషు ‘బి’ని ‘డి’లా తిప్పి రాస్తాడా అన్నది వాళ్ల బ్రహ్మాస్త్రం. యూకేజీ పిల్లవాడు అలా రాయకపోతేనే వింత. ఆరేడేళ్లదాకా చాలామంది రాస్తారు, తర్వాత వాళ్లే మానేస్తారు. పైగా తెలుగులో పిల్లలు తడబడే చోట్లు వేరు: ప, వ, మ, ద, ధ, కొ, కో, ఇక ఒత్తుల సంగతి చెప్పనక్కరలేదు. గుణింతాలు, ఒత్తులు పూర్తిగా కుదురుకునేసరికి నాలుగో తరగతి వచ్చేస్తుంది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో డిస్లెక్సియాను గుర్తించే ‘డాలి’ పరీక్షలను విడుదల చేసినప్పుడు హిందీకి, మరాఠీకి, కన్నడకు, ఇంగ్లీషుకు వేరువేరుగా తయారుచేసింది. ఈ సందేశం రాసిన మహానుభావుడికి ఒక్క ‘బి’తోనే పని జరిగిపోయింది.

అడగవలసినవి మాత్రం అడగలేదు. నల్లబల్ల మీద రాసింది కనిపిస్తోందా? చెవిలో చీము కారుతోందా? పొగాకు పనులకో ఇటుక బట్టీలకో అమ్మానాన్నల వెంట వెళ్లి బడికి నెలల తరబడి రాలేదా? రాని పాఠాన్ని చదవలేకపోవడం జబ్బు కాదు.

ఏడో ప్రశ్న దగ్గర మాత్రం ఆగాను. ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏమి మిగులుతుందో చెప్పగలడా అని. చాలా మంచి ప్రశ్న. మేము బళ్లో అడిగేవాటికంటే మంచిది. డిస్లెక్సియాలో చిక్కు సాధారణంగా కంటిచూపులో ఉండదు, మాటలోని చప్పుళ్లను విడదీసి పట్టుకోవడంలో ఉంటుంది. అన్నం తినిపిస్తూ ఆటలా అడగవచ్చు. మీ ఇంట్లో మరెవరైనా చదవడానికి ఇలాగే అవస్థపడ్డారా అని కూడా అడిగి ఉంటే ఇంకా బాగుండేది, అది వంశంలో వస్తుంది కనుక.

ఇక ఆ వందసార్ల వైద్యం. ‘పుస్తకం’ వందసార్లు రాయమంటే పిల్లవాడు ఏం చేస్తాడో ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? ముందు పేజీ పొడుగునా ‘పు’ దించుతాడు. తర్వాత దాని పక్కన ‘స్త’ వరస. ఆపైన ‘కం’ వరస. మూడు గోడలు కట్టి చేతులు దులుపుకుంటాడు. మాటను ఒక్కసారైనా రాయలేదు. మర్నాడు ఉక్తలేఖనంలో ‘పుతకం’. వెంటనే వీపు మీద ఒకటి పడుతుంది. మూడో తరగతిలో మొదలైన ఈ వైద్యం అయిదు దాకా సాగితే, ఆ పిల్లవాడు నేర్చుకునేది ఒక్కటే: తను మొద్దునని.

సర్టిఫికెట్ బెదిరింపు దీనికంటే దుర్మార్గం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా కూడా వస్తుంది. పిల్లల్లో దీన్ని వీలైనంత త్వరగా గుర్తించి, తగినట్టు బోధించాలని ఆ చట్టంలోని 16వ సెక్షనే చెబుతోంది. రాత పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంది. ఉద్యోగం రాదన్నారు కదా, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో కేటాయించిన 4 శాతంలో వీళ్లకూ వాటా ఉంది. పెళ్లి సంగతంటారా, పెళ్లిచూపుల్లో అబ్బాయి మూడో తరగతి ఉక్తలేఖనం పుస్తకం అడిగిన వియ్యంకులను నేనింతవరకూ చూడలేదు.

ఉదయగిరి వైపు నుంచి నెల్లూరు వచ్చి వెళితే ఒక రోజు కూలి పోతుంది. ఇలాంటి సందేశాలకు గిరాకీ ఎందుకో నాకు తెలియక కాదు. అందుకే ఊరికే పరుగెత్తమనను. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు బడిలో డిస్లెక్సియా ఉందేమోనన్న తొలి పరిశీలన మూడో తరగతిలో, లేదా ఎనిమిదేళ్లకు, ఏది ముందైతే అప్పుడు జరగాలన్నాయి. అప్పటిదాకా కళ్లు, చెవులు చూపించండి, రోజూ పక్కన కూర్చుని చదివించండి. ఆరు నెలలు అలా చేసినా కదలిక లేకపోతే బడిలో అడగండి, నెల్లూరులోని దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రానికి, అదే సీఆర్సీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు ముత్యాల్లాంటి అక్షరాలున్న చూచిరాత పుస్తకం కాదు, ఎర్ర సిరా నిండిన ఉక్తలేఖనం పుస్తకం పట్టుకెళ్లండి.