బండి కూలెంట్ తాగుతుందట!

ఓరుగల్లులో టర్బో (పొగ బలంతో ఇంజన్‌లోకి గాలి ఎక్కువగా తోసే యంత్రం) ఉన్న కారు కొన్న ప్రతి మనిషికీ ఏదో ఒక రోజు బానెట్ ఎత్తి, డబ్బాలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మిన్ గీత కిందికి పోయిందని చూసుకుని, "గిదేంది, మొన్ననే పోసినం గదా" అని తల గోక్కునే యోగం ఉంటుంది. వెంటనే నలుగురు చేరతారు. వాళ్లలో ఒక పెద్దమనిషి, రిటైరైన మాస్టారు గొంతుతో, "ఎండలు సూడుండ్రి ఎట్లున్నయో, ఆవిరైపోయి ఉంటది" అని తేల్చేస్తాడు. ఈ సిద్ధాంతాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఎండలకు భద్రకాళి చెరువే తగ్గుతుంది (ఆ మధ్య పూడిక తీయడానికి మనమే ఖాళీ చేశాం, అది వేరే కథ), ఇక చిటికెడు డబ్బా ఎంత? చెరువుకు మూత లేదు, డబ్బాకు ఉంది అన్న చిన్న తేడా ఒక్కటే అడ్డం వస్తోంది.

ఆ మూత మామూలు మూత కాదు. చాలా కార్లలో సుమారు 1.1 బార్ ఒత్తిడి దాకా లోపలిదాన్ని బయటికి పోనివ్వదు. ఒక బార్ అదనపు ఒత్తిడిలో మామూలు నీళ్లే 120 డిగ్రీల దాకా మరగవు, సగం గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే రసాయనం) కలిస్తే ఇంకొన్ని డిగ్రీలు పైకి పోతుంది. అంటే ఈ వ్యవస్థ మొత్తం బిగించి కట్టింది. అందులోంచి నెలనెలా అర లీటరు మాయమవుతోందంటే అది ఎక్కడికో పోతున్నట్టే. కానీ ఎక్కడికి అని అడగడం మన సంప్రదాయం కాదు, పోయడం మన సంప్రదాయం. అదీ బోరు నీళ్లు. ఆ నీళ్లలోని సున్నం రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుంటే రేడియేటర్ అమ్మేవాళ్లూ నాలుగు మెతుకులు తింటారు, తప్పేముంది.

కాస్త శాస్త్రీయ దృక్పథం ఉన్నవాళ్లు రాత్రి కారు కింద అట్టముక్క పరుస్తారు. పొద్దున అట్ట పొడిగా ఉంటే "లీకేజీ లేదు, బండే తాగుతుంది" అని తీర్పు. నేల మీద చుక్క పడకపోతే లీకు లేనట్టే అనే ఈ సూత్రం టర్బో ముందు నిలవదు. టర్బోలోకి పోయే కూలెంట్ పైపు దగ్గర వాషరో ఓ-రింగో వేడికి గట్టిపడి సన్నగా కారితే, ఆ చుక్క కాలిన ఇనుము మీద పడి అక్కడే ఆరిపోతుంది. మిగిలేది తెల్లగానో గులాబీ రంగులోనో కట్టిన పొక్కు మాత్రమే, అదీ టార్చిలైటు వేసి వంగి చూసేవాడికే కనిపిస్తుంది. డీజిల్ బండిలో ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి మళ్లించే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) లోపల చిట్లితే కూలెంట్ నేరుగా పొగ దారిలో కలిసిపోతుంది, అట్టముక్క జీవితాంతం పొడిగానే ఉంటుంది. హీటర్ కోర్ (కారు లోపలి హీటర్‌కు వేడినిచ్చే చిన్న రేడియేటర్) కారితే ఎడమ సీటు ముందు మ్యాట్ తడుస్తుంది, అద్దం లోపలివైపు జిడ్డుగా మంచు పడుతుంది. దానికి ఇంట్లో ఒకటే విచారణ: "వాటర్ బాటిల్ మూత ఎవరు పెట్టలేదు?" ఏసీ నీళ్లు కూడా అక్కడే కారొచ్చు, నిజమే. వేలితో రుద్దితే ఏసీ నీళ్లు నీళ్లలాగే ఉంటాయి, కూలెంట్ అంటుకుంటుంది. వేలితో చాలు. ఒక మెకానిక్ షెడ్డులో మేస్త్రి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని "తియ్యగుంది సార్, కూలెంటే" అని రిపోర్టు ఇవ్వడం నా కళ్లతో చూశాను. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే మాట నిజం, విషం అన్న మాట కూడా నిజం. ల్యాబుకు ఇంతకంటే అంకితభావం ఏముంటుంది.

ఇక ప్రెషర్ సంగతి. హోస్ పైపులు బిగుసుకుపోతున్నాయి, డబ్బాలోంచి కూలెంట్ పొంగి బయటికి తంతోంది అని చెప్పగానే అన్ని షెడ్లలో ఒకటే మందు: క్యాప్, అదే ఆ మూత, మార్చు. క్యాప్ స్ప్రింగు నీరసపడితే కూలెంట్ తొందరగా మరిగి పొంగుతుంది, కాబట్టి దాన్ని అనుమానించడంలో తప్పులేదు. కానీ క్యాప్ ఒత్తిడిని ఆపుతుందే గానీ పుట్టించదు కదా! కొందరు మహానుభావులు ఇంకో అడుగు ముందుకేసి ఎక్కువ ప్రెషర్ తట్టుకునే క్యాప్ బిగిస్తారు. అప్పుడు ఒత్తిడి ఆగుతుంది, రేడియేటర్ ప్లాస్టిక్ అంచు పగులుతుంది. అక్కడా పని కాకపోతే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) పీకేస్తారు. "గది మన దేశానికి అక్కరలేదన్నా, చలి దేశాలకు." దాంతో ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, కంప్యూటర్ ఇంకా చలిగానే ఉందనుకుని డీజిల్ ఎక్కువ పోస్తుంది, ఓనర్ మాత్రం టెంపరేచర్ ముల్లు లేవడం లేదని ఊరెల్లా చెప్పుకుంటాడు. అసలు చాలా చిన్న కార్లలో ఆ ముల్లే ఉండదు, నీలం లైటు, ఎర్ర లైటు, అంతే. ఉన్నా నమ్మకానికి లేదు. కూలెంట్ అయిపోయి సెన్సర్ గాలిలో వేలాడుతుంటే అది తప్పు చూపిస్తుంది.

ఒత్తిడి ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, పొద్దున స్టార్ట్ చేయకముందు, పై హోస్ పైపును వేళ్లతో నొక్కితే చాలు. మెత్తగా అణగాలి. స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లో, ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే అది రాయిలా బిగుసుకుందంటే అది వేడి పని కాదు. సిలిండర్‌లో మండేటప్పుడు టర్బో బండిలో ఒత్తిడి వంద బార్ దాటగలదు. హెడ్ గ్యాస్‌కెట్‌లో (ఇంజన్‌కూ దాని పైనున్న హెడ్డుకూ మధ్య బిగించే సీలు) వెంట్రుకంత దారి దొరికినా ఆ గ్యాస్ 1.1 బార్ మూత ఉన్న ఇంట్లోకి దూరుతుంది. మన షెడ్ల భాషలో "కంప్రెషన్ కొడ్తుంది". రాత్రంతా నిలిపిన బండికి పొద్దున మూత తిప్పగానే గట్టిగా బుస్సుమన్నా అనుమానం అక్కడికే. (పొద్దున అన్నాను. వేడి మీద గోనెసంచి తడిపి మూత తిప్పే వీరులకు ఈ వ్యాసం వర్తించదు. వాళ్లకు ఎంజీఎం ఆసుపత్రి బర్న్స్ వార్డు వర్తిస్తుంది.)

ఇందులో టర్బో ఆడే అసలు నాటకం ఇంకోటి. షెడ్డులో నిలబెట్టి రేజ్ చేస్తే లోడు ఉండదు, లోడు లేకపోతే బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) సరిగ్గా రాదు, బూస్ట్ రాకపోతే కొన్నిసార్లు హెడ్ కింద ఆ దారి తెరుచుకోదు. మేస్త్రి చూసినంతసేపూ బండి బుద్ధిగా ఉంటుంది. అదే బండిలో ఏడుగురిని, అమ్మవార్లకు మొక్కిన నిలువెత్తు బంగారాన్ని, అంటే బెల్లాన్ని, ఎక్కించి, ఏసీ పెట్టి, ములుగు దాటాక మేడారం బస్సును ఓవర్‌టేక్ చేయబోతే తెలుస్తుంది. జాతర రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి మన జిల్లాలో చాలా హెడ్ గ్యాస్‌కెట్లకు కూడా రెండేళ్లకోసారే నిజాయితీగా పరీక్ష జరుగుతుంది. గ్యాస్ ఉందా లేదా చూసే నీలం ద్రవం ఉంటుంది, పెట్రోలు బండి డబ్బా మీద పెడితే పొగ గ్యాస్ తగిలి పసుపు పచ్చగా మారుతుంది. దాన్ని కూడా బండిని లోడు మీద తోలి తెచ్చాకే పెట్టాలి. ఐడిలింగ్‌లో పెట్టి నీలంగానే ఉంది అని సంబరపడితే లాభం లేదు.

చేతి పంపు, గేజ్ ఉన్న ప్రెషర్ టెస్టర్ ఇంకా మంచిది. చల్లటి ఇంజన్‌కు క్యాప్ మీద రాసినంత ఒత్తిడి కొట్టి వదిలేస్తే, ముల్లు పడిపోతోందా లేదా, ఎక్కడ తడి వస్తోంది అన్నీ బయటపడతాయి. క్యాప్‌నూ దాంతోనే పరీక్షించొచ్చు. రాత్రంతా అలా ఉంచి పొద్దున ప్లగ్గులు విప్పి చిన్న కెమెరా దింపితే, మసి పట్టిన పిస్టన్ల మధ్య ఒకటి మాత్రం కడిగినట్టు మెరుస్తూ కనిపించొచ్చు. దొంగ దొరికినట్టే.

మరి షెడ్లలో ఈ పంపు ఎందుకు కనిపించదు? నాకు తెలిసిన ఒక మేస్త్రి సొంత డబ్బులు పెట్టి కొన్నాడు. ఒక సార్ బండికి రెండు గంటలు కూర్చుని పరీక్ష చేసి, హెడ్డు బాగానే ఉంది, టర్బో పైపు వాషర్ ఒక్కటే పోయిందని చెప్పి, వాషర్ వేసి, చూసినందుకు ఐదు వందలు అడిగాడు. సార్ వాషర్‌ను చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఏం మార్చినవయ్యా? గీ ముక్కకు ఐదు వందలా?" హెడ్డు దింపి, ఫేసింగ్ కొట్టించి (అడుగు చదును చేయించి) నలభై వేల బిల్లు చేతిలో పెడితే మాత్రం ఇదే సార్ "పెద్ద పని వడ్డది" అని కాలనీలో గౌరవంగా చెప్పుకునేవాడు. తర్వాత వచ్చిన బండికి మేస్త్రి పంపు బయటికి తీయలేదు. కొత్త క్యాప్ బిగించాడు, పైసలు ఎదురుమాట లేకుండా వచ్చాయి.