గోడ మీది బండి చక్రం గారికి

అయ్యా బండి చక్రం గారూ,

నమస్కారం. ఫిబ్రవరిలో ఓ ఆదివారం రాత్రి మీ కింద కూర్చుని భోంచేసిన నలుగురం మేమే. పద్నాలుగో నంబరు టేబుల్. మీకు గుర్తుండకపోవచ్చు. ఆ హోటల్‌కి ఎన్ని శాఖలున్నాయో అన్నిటిలోనూ ఇదే గోడ, ఇదే టేబుల్, మీలాంటి చక్రమే ఉన్నాయని మావాడు ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. అన్నదమ్ములు చాలామందే ఉన్నట్టున్నారు మీకు.

అసలు ఈ ఉత్తరం మేనేజర్‌కి రాయాలి. ఆయనేమో చేతిలో టాబ్ పెట్టి నవ్వే బొమ్మ మీద నొక్కమంటాడు, రాసుకోవడానికి అందులో చోటు లేదు. వంటవాళ్ళకి రాద్దామంటే వాళ్ళు ఆ హోటల్లోనే లేరు, ఊరి చివర ఎక్కడో సెంట్రల్ కిచెన్‌లో ఉంటారట. ఇక్కడ జరిగేది ప్యాకెట్ కత్తిరించి వేడి చేయడమే. అందుకని మొదటి ముద్ద నుంచి బిల్లు దాకా కళ్ళారా చూసిన మీకే రాస్తున్నాను.

మా అమ్మది గుడివాడ దగ్గర పల్లె. ఆ రోజు పొద్దున్నే హైదరాబాద్‌లో బస్సు దిగింది. పల్లె నుంచి పొద్దున దిగిన మనిషికి రాత్రికి పల్లెటూరి భోజనం పెట్టించాలన్న ఆలోచన మాది. తప్పు పూర్తిగా మాదే, ఇందులో మీ ప్రమేయం లేదు.

టోకెన్ తీసుకుని యాభై నిమిషాలు బయట నులక మంచం మీద కూర్చున్నాం. అమ్మ చేత్తో తడిమి చూసి, "ఒరేయ్, ఇది నులక కాదురా, ప్లాస్టిక్ తాడు" అంది. మేం విననట్టు ఊరుకున్నాం. లోపలికెళ్ళాక లాంతరులో ఎల్‌ఈడీ బల్బు, రోట్లో టిష్యూ పేపర్లు. నాగలికి చిన్న పలుపుతాడు కట్టి దాన్నుంచి చిప్స్ ప్యాకెట్లు వేలాడదీశారు. ఆ తర్వాత అమ్మ కళ్ళు మీ మీద పడ్డాయి.

మీరు చెడుగా అనుకోకండి. ఆవిడ వాళ్ళ నాన్న బండి మీద చింతచెట్టు కింద నుంచి బడికెళ్ళిన మనిషి. మీ ఆకులు, అదే చక్రం చువ్వలు, లెక్కపెట్టింది, చుట్టూ ఇనుప పట్టా ఉందేమోనని చూసింది, చివరికి అడిగింది: "మధ్యలో కన్నమే లేదు. దీనికి ఇరుసు ఎక్కడ దూరుస్తార్రా?" నాకప్పుడు తెలిసింది, మీరు జన్మలో ఒక్కసారైనా తిరగలేదని. కందెన మరక సైతం లేదు. (ఆ కందెన ఎటు పోయిందో తర్వాత బిర్యానీ తిన్నాక అర్థమైంది.)

ఇక మెనూ. టేబుల్ మీద గళ్ళ బొమ్మ అంటించారు, ఫోన్‌తో స్కాన్ చేసుకోవాలి. 'అమ్మమ్మ చేతి గోంగూర మాంసం', 'రాజుగారి కోడి పలావ్', 'మునసబు గారింటి నాటుకోడి'. అమ్మమ్మ, రాజుగారు, మునసబు గారు ముగ్గురూ ఒకే ఫ్రీజర్‌లో కాపురం ఉంటున్నారు. ప్రతి పేరు పక్కనా కేలరీలు వేశారు. అది వాళ్ళ గొప్ప కాదు, పది చోట్ల గానీ అంతకు మించి గానీ శాఖలున్న హోటళ్ళు మెనూలో కేలరీలు చూపించాలని 2022 జులై నుంచి నిబంధన ఉంది. వండి ఎన్ని రోజులైందో కూడా వేయమని ఉంటే ఆ కాలమ్ నేను మరింత శ్రద్ధగా చదివేవాణ్ణి.

పులస పులుసు కూడా ఉంది. వానాకాలం వరదకి ఎర్ర నీరు వచ్చాక సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే చేప, దానికోసం పుస్తెలైనా అమ్మమన్నారు పెద్దలు. ఇది ఫిబ్రవరి కదా అని అడిగితే, "ఈ రోజు అయిపోయింది సర్" అన్నాడు అబ్బాయి. నిన్నటిదాకా ఉన్నట్టు.

ఆ అబ్బాయిని మాత్రం ఏమీ అనను. ఒడిశా నుంచి వచ్చాడట. వెల్‌క్రో పంచె కట్టి, కుట్టేసిన తలపాగా టోపీలా పెట్టి, "దండాలండీ" అనడం నేర్పించి నిలబెట్టారు. మన పల్లెటూరు మనకి చూపించడానికి ఆ పిల్లాడు తన పల్లెటూరు వదిలి అంత దూరం వచ్చాడు. రాత్రి పదిన్నరకి కూడా అమ్మ గ్లాసు ఖాళీ కాకుండా చూసింది అతనొక్కడే.

కుండ బిర్యానీ వచ్చింది. మూతికి పిండి అంటించి, దాన్ని మన ముందే చెంచాతో పగలగొట్టారు, చుట్టుపక్కల టేబుళ్ళ వాళ్ళు వీడియో తీసుకున్నారు. పైన అన్నం పొగలు కక్కుతోంది. నేను పొరపాటున కుండ అడుగు ముట్టుకున్నాను. చల్లగా ఉంది, మంచినీళ్ళ కూజాలా. దమ్ము పట్టిన కుండైతే ఆ చేతికి బొబ్బ లేవాలి కదండీ! అంటే ఎక్కడో వేడిచేసిన అన్నాన్ని దీంట్లో నింపి, మూతికి పిండి పూసి పంపారన్నమాట. ఆ పిండి కూడా పచ్చిదే. ముక్కలు మూడు, మూడిట్లో రెండు మెడ ముక్కలు. మసాలా అంతా అడుగున ఒక నూనె మడుగులో కూర్చుని ఉంది.

గోంగూర మాంసంలో పులుపు ఉంది, అది గోంగూరది కాదు. రాగి సంకటి గురించి రాయను, మావాడి ముద్ద కిందపడి ఎగిరింది.

ఇంతకీ నేను రాయాలనుకున్నది ఉలవచారు గురించి. చక్రం గారూ, ఇది మీకు సంబంధించిన వ్యవహారం, కాస్త జాగ్రత్తగా వినండి. మా వైపు ఉలవలు ఉడకబెట్టేది ముందు మనుషుల కోసం కాదు, ఎడ్ల కోసం. బండి లాగి, దుక్కి దున్ని వచ్చిన ఎడ్లకి ఉడికిన ఉలవలు పెట్టేవాళ్ళు. ఆ ఉడికిన నీళ్ళు పారబొయ్యడానికి మనసొప్పక చింతపండు పులుసు పోసి, సన్నటి సెగ మీద పూటంతా మరగనిచ్చేవాళ్ళు. సెగ ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే పచ్చి వాసన పోదు. నల్లగా, చిక్కగా, గరిటెకి అంటుకునేలా అయ్యాక వేడన్నంలో వెన్న వేసుకుని తినేవాళ్ళు. అంటే బండి తిరిగితేనే ఎడ్లకి ఉలవలు, ఎడ్లు తింటేనే ఇంట్లో చారు. మీరు తిరగని చక్రం కాబట్టి ఆ చారు అలా వచ్చిందని నా అనుమానం.

ఎలా వచ్చిందంటారా? అరచేతిలో పట్టేంత రాగి బకెట్లో, మీద క్రీముతో ముగ్గు వేసి వచ్చింది. రంగు బాగానే ఉంది. అమ్మ అన్నంలో కలుపుకుని ఓ ముద్ద తింది. రెండో ముద్ద చేతిలో పట్టుకుని మీ వైపు చూసింది. చింతపండు, బెల్లం, చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్. ఉలవ వాసన పేరుకి కూడా లేదు. మా ఆవిడ "బాలేదా అత్తయ్యా?" అని అడిగింది. అమ్మ ఎప్పుడూ వంటకి వంక పెట్టదు, పెళ్ళిళ్ళలో ఉప్పులేని సాంబారు కూడా బాగుందనే అంటుంది. నెమ్మదిగా ముద్ద కంచంలో పెట్టి, "దీన్ని ఎద్దు ముందు పెడితే మొహం తిప్పుకుంటుందమ్మా" అంది. తర్వాత పెరుగన్నం చెప్పించుకుంది. దాంట్లో దానిమ్మ గింజలు వేశారు. వాటిని ఏరి పక్కన పెట్టుకుంది.

బిల్లు 2,131 రూపాయలు. తిన్నది 1,845. మధ్యలో 'ఆతిథ్య రుసుము' అని 184 రూపాయల 50 పైసలు, దాని మీద కూడా కలిపి 5 శాతం జీఎస్టీ. సర్వీస్ ఛార్జీని ఏ పేరుతోనూ బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. నేను అంత ఉపన్యాసం ఇవ్వలేదు. ఫోన్ తీసి 1915 హెల్ప్‌లైన్ నంబర్ నొక్కబోతున్నట్టు నటించాను. కొత్త బిల్లు 1,937కి వచ్చింది. ఆ రాత్రి ఆ హోటల్లో వేడివేడిగా వచ్చింది అదొక్కటే.

మేనేజర్ నవ్వుతూ టాబ్ తెచ్చాడు. మొదటి ప్రశ్న: 'మా వంట మీకు మీ అమ్మని గుర్తు చేసిందా?' కింద రెండే బొమ్మలు, ఒకటి నవ్వుతోంది, ఇంకోటి పళ్ళు కనపడేలా నవ్వుతోంది. నేను వెనక్కి ఇచ్చేయబోతుంటే అమ్మ చదివించుకుని, "గుర్తొచ్చిందనే నొక్కు. ఆ చారు నోట్లో పెట్టుకున్న దగ్గర్నుంచీ మా అమ్మే గుర్తొస్తోంది" అంది. మేనేజర్ మొహం వెలిగిపోయింది, "థాంక్యూ అమ్మా" అన్నాడు. "చిన్నప్పుడు ఓసారి ఉలవచారు పొయ్యి మీద వదిలేసి ఆడుకోవడానికి పోయాను బాబూ. వీధంతా వినపడేలా తిట్టింది" అంది అమ్మ.

ఇట్లు,
పద్నాలుగో నంబరు టేబుల్

తా.క.: మీ వెనక బార్‌కోడ్ స్టిక్కర్ ఓ మూల ఊడి వేలాడుతోంది. అమ్మ చూసింది. ఆవిడ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.