23 నిమిషాల ప్రయాణం

మ్యాపులో రెండు చుక్కలు. ఒకటి కొండల నడుమ, ఇంకొకటి దీవిలో. మధ్య దూరం 310 కిలోమీటర్లని ఫోను తేల్చింది. ఇక మన ప్రయాణికుడి కాలు నేల మీద నిలవదు. జెట్ గంటకు 800 కిలోమీటర్లు పోతుందని ఎప్పుడో విన్నాడు. భాగించాడు. 23 నిమిషాలు! బెల్టు పెట్టుకుని తీసేలోపు దిగిపోతామని ఇంట్లోవాళ్లకు చాటింపు వేసి, దిగాక గంటలో బయల్దేరే ఓడకు టికెట్టు కూడా కొనేశాడు.

భాగహారంలో తప్పులేదు. తప్పంతా ఆ 800లో ఉంది. ఎనిమిది వందల మీటర్ల కంకర రన్‌వే మీదికి పెద్ద జెట్ రాదు. వచ్చేది ట్విన్ ఆటర్ అనే 19 సీట్ల చిన్న విమానం. దాని వేగం 270 అటూఇటూ, అంటే 69 నిమిషాలు. ఎదురుగాలి 60 ఉంటే మిగిలేది 210, అప్పుడు 89 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 56. పోగా రాగా చెల్లుకు చెల్లు అనుకుంటారు చాలామంది. కాదు, కూడి చూడండి: 145 వచ్చింది, గాలే లేకపోతే 138. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి అది తీసుకున్నదంతా వెనకగాలి తిరిగివ్వదు.

పైగా ఆ 310 తిన్నగా గీసిన గీత. ట్విన్ ఆటర్ లోపల గాలి పీడనం నిలిపే ఏర్పాటు ఉండదు, అందుకని మరీ ఎత్తుకు పోకుండా కొండ పక్కనుంచి లోయ వెంట తిరుగుతుంది. ఎక్కడం, దిగడం, రన్‌వే చివర వెనక్కి మళ్లడం వేరే పద్దు.

అసలు ఆ దూరమైనా నిజమా? కొన్ని సైట్లు నాటికల్ మైళ్లలో 167 అని చూపిస్తాయి. దాన్ని కిలోమీటర్లనుకుంటే సగం దారి మాయం (ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు). దక్షిణ అక్షాంశం 5 డిగ్రీలకు ముందు మైనస్ మర్చిపోతే విమానాశ్రయం భూమధ్యరేఖ దాటి, 1,100 కిలోమీటర్లు పైకి పోయి కూర్చుంటుంది. పేర్లతో ఇంకో తంటా. ఆస్ట్రేలియా సిడ్నీకని బయల్దేరి కెనడాలోని సిడ్నీలో దిగినవాళ్లు నిజంగానే ఉన్నారు. మొదటిదాని విమానాశ్రయం కోడు ఎస్‌వైడీ, రెండోదానిది వైక్యూవై; ఆ తేడా అంత ఖరీదు.

లెక్క ఉన్నదున్నట్టు కుదిరే చోటు కావాలంటే స్కాట్లాండ్‌లోని ఆర్క్‌నీ దీవులకు పోవాలి. వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు 2.7 కిలోమీటర్లు, టైంటేబుల్లో 2 నిమిషాలు. లండన్ హీత్రూలో పెద్ద రన్‌వే దానికన్నా పొడవు.

మన ప్రయాణికుడి అసలు కష్టం ఇవేవీ కావు. ఆ రెండు చుక్కల మధ్య విమానమే లేదు! గీత గీయడానికి ఫోనుకు విమానంతో పనేముంది? ముందు 420 కిలోమీటర్ల అవతలి పెద్ద ఊరికి, అక్కడ రాత్రి బస, మర్నాడు దీవికి, అదీ మంగళ, శుక్రవారాల్లోనే. మంగళవారం పొద్దున పొగమంచు. అది విడిపోయే వేళకు పొద్దు వాలుతుంది, దీవి రన్‌వేకు దీపాలు లేవు. స్కాట్లాండ్‌లోనే బారా దీవిలో అయితే విమానం సముద్రపుటొడ్డు ఇసుక మీదే దిగుతుంది కనుక ఆటుపోట్లను బట్టి టైంటేబులు వేస్తారు.

ఎట్టకేలకు విమానం బయల్దేరేముందు సంచీతో పాటు మనిషినీ తూకం వేస్తారు. ఎదురుగాలికని ఇంధనం ఎక్కువ పోశారు కాబట్టి బరువు తగ్గించాలి. మనిషిని ఎక్కించుకుంటారు, సంచీ మాత్రం శుక్రవారం విమానంలో వస్తుంది.