దంగమాల్‌లోనా, చాంద్‌బాలిలోనా?

ఒడిశాలో సముద్రాన్ని ఆనుకున్న మడ అడవి, భితర్‌కనిక నేషనల్ పార్కు. డిసెంబరులో ఇంటిల్లిపాదీ వెళ్ళాలి. భద్రక్ దాకా రైలు టికెట్లు తీసుకోవడం అయిపోయింది. గది ఎక్కడ తీసుకోవాలన్న దగ్గరే గొడవ.

తమ్ముడు: చాంద్‌బాలిలో హోటల్ చూశానక్కా. స్టేషన్ నుంచి కారులో గంటన్నర. పొద్దున బోటెక్కుతాం, మొసళ్ళని చూస్తాం, సాయంత్రానికి వేడినీళ్ళ స్నానం.

అక్క: లోపల దంగమాల్‌లో ఫారెస్టు వాళ్ళ కాటేజీలుండగా ఊళ్ళో పడుకోవడానికి అంత దూరం వెళ్ళాలా?

తమ్ముడు: అమ్మకి బీపీ. అర్ధరాత్రి ఏదైనా అయితే ఆ అడవిలోంచి ఆసుపత్రికి ఎలా తీసుకెళ్తావ్?

అక్క: దానికి నా దగ్గర జవాబు లేదు, నిజమే. మాత్రలు పెట్టుకుని, దేవుడి మీద భారం వేసి వెళ్ళడమే. కానీ అసలు సంగతి విను. అక్కడ టైము మన చేతిలో ఉండదు, ఆటుపోట్ల చేతిలో ఉంటుంది. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాలు, అంటే రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పోటు మీద బోటు సన్నపాయల్లోకి దూరుతుంది, కొమ్మలు నెత్తికి తగులుతుంటాయి, చేతికందేంత దూరంలో లకుముకి పిట్ట కూర్చుని మనల్ని పట్టించుకోకుండా నీళ్ళకేసి చూస్తుంటుంది. ఆటు మీద వెళ్తే అదే పాయలో బురద. ఊరి నుంచి వచ్చేవాడు తను వచ్చిన వేళకి ఏది దొరికితే అది చూసి, ఇక అక్కణ్ణుంచి తిరుగు బోటు టెన్షన్‌తో వాచీ చూసుకుంటుంటాడు. లోపలున్నవాడికి సాయంత్రమో, తెల్లారో, ఏదో ఒక పోటు చిక్కుతుంది. పైగా జనం వెళ్ళిపోయాక చుక్కల జింకలు కాటేజీల దాకా వస్తాయి.

తమ్ముడు: సరే, మరి చలికాలం మొసలి ఎప్పుడు బయటికొస్తుంది? ఎండెక్కాక, ఆటు మీద, ఒళ్ళు కాచుకోడానికి బురద ఒడ్డుకి. నా బోటు సరిగ్గా ఆ వేళకే అక్కడుంటుంది. నువ్వేమో తెల్లారగట్ల మంచులో నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటావు.

అక్క: ...మొసలి ఒక్కటే చాలనుకుంటే నీదే రైటు.

తమ్ముడు: ఇంకోటి. అడవి మీద అంత ప్రేమున్నవాళ్ళు అడవిలో లైట్లేసుకుని పడుకోవాలా? గహీర్‌మఠ తీరంలో తాబేలు పిల్లలు వెలుగు చూసి దారి తప్పుతాయని చెప్పింది నువ్వే.

అక్క: అందుకే తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం దగ్గరి క్యాంపు వద్దన్నాను. దంగమాల్ ఏటి ఒడ్డు. 1975 నుంచి ఉప్పునీటి మొసలి గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి నీళ్ళలో వదులుతున్న చోటు అదే. అయినా మే నెలలో వెళ్దామన్నవాడివి నువ్వు, నాకు పాఠాలు! మే 1 నుంచి జూలై 31 దాకా మొసళ్ళు గుడ్లు పెట్టే కాలమని పార్కే మూసేస్తారు.

తమ్ముడు: మరి పోయినేడు బీచ్ పక్కనే అని గది తీసుకున్నదెవరో? మ్యాప్‌లో అర కిలోమీటరు, మధ్యలో ఉప్పుటేరు! ఆటోలో చుట్టూ తిరిగి ముప్పావుగంటకి చేరాం. దారంతా నాన్న మాట్లాడలేదు.

అక్క: రోడ్డు దూరం చూడలేదు, ఒప్పుకుంటున్నా. ఎన్నిసార్లు ఎత్తిపొడుస్తావురా? అందుకే ఈసారి అడవి బయట వద్దంటున్నా. మడ అడవిలో మ్యాప్ చూపించే దూరానికీ మనం తిరిగే దూరానికీ పొంతనుండదు.

తమ్ముడు: సరే, ఒక్క రాత్రి లోపల. రెండో రాత్రి చాంద్‌బాలి. ఇంతకీ ఆ రోజు పోటు ఎన్నింటికి?

అక్క: తెల్లవారుజామున అయిదున్నరకి.

తమ్ముడు: నన్ను మాత్రం లేపకు.