త్రీ నాట్ త్రీ గొప్పదే, అంతమాత్రాన కొత్త రైఫిళ్ళు బొమ్మలు కావు

చిత్తూరులో నలుగురు మాజీ సైనికులు ఎక్కడ కలిసినా, ఏ పెళ్ళిలోనైనా రిటైర్డ్ పోలీసులు ఒక మూల కూర్చున్నా పాత త్రీ నాట్ త్రీ రైఫిల్ గురించి ఈ మాట రాకుండా పోదు. "త్రీ నాట్ త్రీ ముందర ఈ కాలం తుపాకులు ఏం పనికొస్తాయబ్బా? దాంతో మైలు దూరంలో మనిషిని పడగొట్టేవాళ్ళం." కుర్రాళ్ళదేమో ఇంకో వరస. ఫోన్లో నాలుగు వీడియోలు చూసేసి, కట్టె బట్ ఉన్నదంతా మ్యూజియం సామానని, కొత్తదైతే ఎవడు కాల్చినా తగులుతుందని తేల్చేస్తారు. నేను సైన్యంలో ఆర్మరర్‌గా పనిచేసినవాణ్ణి. రైఫిళ్ళు విప్పడం, అరిగినవి మార్చడం, జీరో చేసి, అంటే గురి సరిగ్గా కుదిర్చి, జవాన్ల చేతికివ్వడం, ఇదే నాకు అన్నం పెట్టిన పని. ఈ రెండు మాటల్లో ఏది విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ మైలు సంగతి. త్రీ నాట్ త్రీ అని మనం పిలిచేది 1907లో వచ్చిన లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ త్రీనే. దాని బ్యాక్‌సైట్, అంటే కంటి దగ్గరి గురి పలక మీద 2000 గజాల దాకా అంకెలు చెక్కి ఉంటాయి. పెద్దాయనలు ఆ అంకె చూపించే వాదిస్తారు. కానీ అది ఒక్కడు ఒక్కణ్ణి కొట్టడానికి పెట్టిన అంకె కాదు. కంపెనీ మొత్తం ఒకే హుకుం మీద దూరాన ఉన్న దండు మీదికి తూటాల వాన కురిపించడానికి పెట్టింది. అంత దూరంలో మనిషి బ్యారెల్ మూతి దగ్గరి ఫోర్‌సైట్ టిప్ వెనక కనపడకుండా పోతాడు. కనపడనివాణ్ణి గురిపెట్టి కొట్టామంటే రేంజ్‌లో పడుకుని కాల్చినవాడెవడూ నమ్మడు.

అసలు గురి అంటే ఏమిటో తేల్చుకుందాం. రైఫిల్‌ను కదలకుండా బిగించి వంద మీటర్ల నుంచి ఐదు రౌండ్లు కాలిస్తే ఆ ఐదు రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయన్నది దాని గ్రూపింగ్. మంచి స్థితిలో ఉన్న త్రీ నాట్ త్రీ ఆరు నుంచి పన్నెండు సెంటీమీటర్ల లోపల వేస్తుంది. మన దేశంలోనే తయారైన ఇన్సాస్ రైఫిల్ బాగున్నదైతే అదీ దాదాపు అంతే. ఏకే ఇంకాస్త వెడల్పుగా చిమ్ముతుంది. మూడు వందల మీటర్లకు పోతే ఈ లెక్క మూడింతలు. మనిషి ఛాతీ అడుగున్నర వెడల్పు అనుకుంటే, ఇన్ని దశాబ్దాల తేడా ఉన్న రైఫిళ్ళు కూడా అందులోనే దాదాపు సరిపోతాయి. అంటే సైనికుడు మామూలుగా కాల్చే దూరంలో పాతదా కొత్తదా అన్న గొడవకే అర్థం లేదు. తప్పితే చెయ్యి తప్పుతుంది, ఊపిరి తప్పుతుంది, ట్రిగర్ మీద వేలు తప్పుతుంది.

"మరి మా రోజుల్లో ఒక్కటీ తప్పేది కాదే" అంటారు. ఆ రోజుల్లో మీ చేతికొచ్చిన రైఫిల్ బాగుండి ఉంటుందన్నా, ఒప్పుకుంటా. అన్నీ అలా ఉండేవి కావు. తూటాను లోపలికి తోసే బోల్ట్ తీసి, బ్యారెల్ వెనక నుంచి కన్ను పెట్టి, మూతిని వెలుతురు వైపు తిప్పి చూడండి. బాగున్న బ్యారెల్‌లో తూటాను గిర్రున తిప్పే గాడులు మెలికలు తిరుగుతూ అద్దంలా మెరుస్తాయి. పాడైనదాంట్లో తూటా కూర్చునే చాంబర్ ముందు భాగం నల్లగా, గరుకుగా తినేసి ఉంటుంది. ఆ కాలపు కార్డైట్ మందు వేడికి అక్కడి ఉక్కు కరిగిపోయేది. తూటా వెనక నిప్పు పుట్టించే క్యాప్‌లోని రసాయనం లోపల ఉప్పు మిగిల్చేది. కాల్చిన రోజే సలసల కాగే నీళ్ళు పోసి కడగకపోతే తెల్లారేసరికి తుప్పు. ఇక ఎవరూ మాట్లాడని జబ్బు ఇంకోటి ఉంది. బ్యారెల్ లోపల తుడిచే పుల్ త్రూ తాడును శ్రద్ధ లేకుండా ఒకే పక్కకు ఒరిపి లాగుతుంటే బ్యారెల్ మూతి ఆ పక్క అరిగిపోతుంది. కంటికి తెలియదు, వేలి కొన ఆనిస్తే తెలుస్తుంది. తూటా బయటికి వచ్చే ఆఖరి క్షణంలో పట్టు ఒక పక్క వదిలేస్తుంది, గ్రూప్ చెల్లాచెదురైపోతుంది. రోజూ శుభ్రం చేసిన చెయ్యే రైఫిల్‌ను పాడుచేసిందంటే ఎవరికి కోపం రాదు చెప్పండి? కానీ అది నిజం.

కట్టె సంగతీ అంతే. చూడ్డానికి అందం, భుజానికి హాయి, చలిలో చెయ్యి అంటుకోదు. కానీ మన తిరుపతి వైపు కార్తీకంలో పట్టే ముసురు లాంటిది నాలుగు రోజులు పడితే కట్టె ఉబ్బి బ్యారెల్‌ను ఒక పక్కకు నొక్కుతుంది. ఎండాకాలంలో చేసిన జీరో వానాకాలంలో ఉండదు. ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్ళు ఆ కట్టెకు అదనంగా ఒక స్క్రూ బిగించింది ఊరికే కాదు. కొత్త రైఫిళ్ళ ప్లాస్టిక్ బట్‌ను చూసి నవ్వేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి. దానికి వానా ఎండా లేదు.

ఇప్పుడు అక్కరకు వచ్చే సంగతికి వద్దాం. నా అసలు బాధ ఇక్కడే. 1962 నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావ్ చార్లీ కంపెనీ జవాన్లు ఈ త్రీ నాట్ త్రీలతోనే నిలబడ్డారు. వంద మందికి పైగా అక్కడే ప్రాణాలు వదిలారు. ఎదురొచ్చిన చైనావాళ్ళ చేతుల్లో ఆటోమేటిక్ ఆయుధాలు. మనవాళ్ళు గడ్డకట్టే చలిలో, మొద్దుబారిన వేళ్ళతో, ప్రతి తూటాకూ బోల్ట్ పైకి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. నాలుగు కదలికలు. ప్రతిసారీ గురి చెదురుతుంది, మళ్ళీ కుదుర్చుకోవాలి. తూటాలు క్లిప్‌లో సరిగ్గా పేర్చకపోతే వెనక అంచు మీద అంచెక్కి మ్యాగజైన్‌లో ఇరుక్కుపోతాయి. ఆ రోజు రైఫిల్ గురి తక్కువై కాదు మనం నష్టపోయింది. ఆ వీరుల పేరు చెప్పి పాత రైఫిలే గొప్పదని వాదించేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. మంచి ఆయుధం ఇచ్చి ఉండాల్సిందని కదా అనాల్సింది!

ఆ దెబ్బ తర్వాతే ఎస్సెల్లార్, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, వచ్చింది. ట్రిగర్ నొక్కితే తర్వాతి రౌండ్ దానంతట అదే ఎక్కుతుంది, మ్యాగజైన్‌లో ఇరవై. బరువు ఎక్కువే, పొడుగూ ఎక్కువే. నా మనసుకు నచ్చిన రైఫిల్ అదే, దాచుకోను. అయినా కొండలెక్కే కుర్రాడికి అదే ఇవ్వమని మాత్రం చెప్పను. త్రీ నాట్ త్రీ రౌండ్ ఒక్కోటి పాతిక గ్రాములు, ఇన్సాస్ రౌండ్ అందులో సగం. అదే బరువుకు రెండింతల తూటాలు మోయవచ్చు. ఇరుకులో చిక్కుకుని, వెనక నుంచి సరుకు రాని రాత్రి ఈ లెక్క ప్రాణంతో సమానం.

ఇన్సాస్‌ను తిట్టడం ఇప్పుడొక ఫ్యాషన్ అయింది. 1999లో కార్గిల్ చలికి మ్యాగజైన్లు పగిలాయన్నది నిజం, కంట్లోకి నూనె చిమ్మిందన్న ఫిర్యాదులూ నిజం. కానీ లోపల ఎన్ని రౌండ్లు మిగిలాయో బయటికి కనపడేలా మ్యాగజైన్ చేయాలన్న ఆలోచన మంచిది. గురిలో అది నాసి రైఫిల్ కాదు. కొన్ని భాగాలు పచ్చిగా ఉండగానే బయటికి వదిలారు, అదీ దాని ఖర్మ.

పోలీసుల సంగతి ఇంకా ఘోరం. త్రీ నాట్ త్రీ బ్యారెల్‌ను మార్చి, ఒక్కో రౌండే పెట్టుకునేలా చేసిన నాలుగు వందల పది బోర్ మస్కట్‌ను ఎన్నేళ్ళు మోయించారు! ఎదుటివాడు దాన్ని లాక్కున్నా మామూలు త్రీ నాట్ త్రీ తూటాలతో వాడుకోలేకుండా ఉండాలని చేసిన పని అది. మరి మోసే కానిస్టేబుల్ సంగతేంటి? 2008 నవంబరు 26న ముంబయి సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకేలు పట్టుకొచ్చినవాళ్ళ ముందు మన పోలీసులు పాత త్రీ నాట్ త్రీలతో, లాఠీలతో నిలబడాల్సి వచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినోత్సవం రోజున. అప్పటిదాకా ఆలస్యం చేయాలా?

కొత్తవాటిలో అసలైన మార్పు బ్యారెల్‌లో లేదు, దాని పైన ఉంది. పాత పద్ధతిలో బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్ టిప్, టార్గెట్, ఈ మూడూ ఒక గీత మీదికి రావాలి. కన్ను ఒకేసారి ఒక్కదాన్నే స్పష్టంగా చూడగలదు. నలభై దాటినవాడికి టిప్ మసక. 2019లో మన సైన్యం కోసం కొన్న 72,400 సిగ్ 716 రైఫిళ్ళకైనా, 2021 డిసెంబరు ఒప్పందంతో ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో తయారవుతున్న ఏకే 203లకైనా పైన అద్దాల సైట్ బిగించుకునే పట్టీ ఉంటుంది. సైట్ బిగిస్తే ఎర్రటి చుక్క ఒక్కటి, టార్గెట్ ఒక్కటి. భయంలో, చీకట్లో, పరుగెత్తి వచ్చిన ఆయాసంలో సగటు మనిషి తూటాను చోటుకు చేర్చేది ఇదే. ఉక్కు నాణ్యత గురించి ఎంత మురిసిపోయినా, ఈ చుక్క తెచ్చిన తేడా ముందు అది చిన్నదే.

అలాగని గురి ఒక్కటే కొలిస్తే కొత్తదే రాజు అనుకునే కుర్రాళ్ళకూ ఒక మాట. 2008లో అభినవ్ బింద్రా బంగారు పతకం కొట్టిన ఆటలో పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆ ఎయిర్ రైఫిల్ గురి ముందు ఏ యుద్ధ రైఫిలూ నిలవదు. దాన్ని తీసుకుని సరిహద్దుకు పోలేం కదా. గురి వేరు, అక్కర వేరు. తిరుపతి కాలేజీల ఎన్‌సీసీ పిల్లలు పాయింట్ టూ టూ రైఫిల్‌తో పాతిక మీటర్ల దగ్గర మొదటిసారి పడుకున్నప్పుడు నేర్చుకునేది గురి ఒక్కటే. దెబ్బ తక్కువ, శబ్దం తక్కువ, భయం పుట్టదు. నేర్పడానికి దాన్ని మించింది లేదు. మొదటి రోజే పెద్ద రైఫిల్ ఇచ్చి భుజం అదరగొడితే ఆ పిల్ల జీవితాంతం కళ్ళు మూసుకునే ట్రిగర్ నొక్కుతుంది.

పలమనేరు, కుప్పం వైపు పల్లెల్లో ఇంకా దాగి ఉన్న నాటు తుపాకుల గురించి కూడా చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. "మా అబ్బ కాలం నాటిది సామీ, గురి తప్పదు" అంటారు. గొట్టం లోపల గాడులు లేనిదానికి గురి ఎక్కణ్ణుంచి వస్తుంది? హైదర్ అలీ మన చిత్తూరు పక్క నరసింగరాయనిపేటలో చనిపోయిన 1782లో మామూలు సిపాయిల చేతుల్లో ఉన్నదీ అలాంటి నున్నటి గొట్టమే. మెలి గాడుల రైఫిల్ సైన్యమంతటికీ అందింది పందొమ్మిదో శతాబ్దం మధ్యలో, 1853 నాటి ఎన్‌ఫీల్డ్ లాంటివి వచ్చాకే. నాటు తుపాకీ గుండు కాస్త దూరం దాటితే ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు. చెనిక్కాయ చేన్లో పంది అనుకుని కాలిస్తే మనిషికి తగిలిన వార్తలు జిల్లా పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? గొట్టం పేలితే పోయేది కాల్చినవాడి చెయ్యే. లైసెన్సు లేనిదైతే పోలీసులకు అప్పగించేయండి నాయనా. పంటకు పంది బెడద ఉంటే అటవీ శాఖ చుట్టూ పదిసార్లు తిరగండి, తప్పదు.

కొత్త రైఫిళ్ళు కొన్నామని ఫోటోలు వేసేవాళ్ళను నేనడిగేది ఒక్కటే: కాల్చడానికి రౌండ్లు ఎన్ని ఇస్తున్నారు? ఏడాదికోసారి రేంజ్‌కు తీసుకుపోయి, నాలుగు రౌండ్లు కాల్పించి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించి పంపేస్తే ఎంత ఖరీదైన రైఫిల్ అయినా దండగే. ఒక రైఫిల్ ధరకు ఎన్ని ప్రాక్టీసు రౌండ్లు వస్తాయో లెక్కేసి, ముందు అవి ఇవ్వండి. ప్రతి కానిస్టేబుల్‌కూ, ప్రతి ఫారెస్ట్ గార్డుకూ తన రైఫిల్ నంబర్ తనకే ఉండాలి, తన జీరో తనే చేసుకోవాలి. ఎవరికి ఏది చిక్కితే అది పట్టుకుని డ్యూటీకి పోయే పద్ధతి ఉన్నన్నాళ్ళూ అది 1907 నాటిదైనా నిన్న కోర్వా నుంచి వచ్చినదైనా ఒకటే. ఎన్‌సీసీ పిల్లలకు గ్రూపింగ్ కుదరకపోతే ఇంకో ఐదు రౌండ్లు ఇచ్చి అదే రోజు మళ్ళీ పడుకోబెట్టండి. రేంజ్‌లో ఉస్తాద్‌గా నిలబడటానికి జిల్లాలో మాలాంటి రిటైరైనవాళ్ళం చాలామందిమి ఉన్నాం, జీతం కూడా అడగం, పిలిస్తే చాలు.